హాలేనగర సందర్శనము: తెలుఁగక్షరములు తొలుత అచ్చైన పట్టణము

జర్మనీదేశమున సాలేనదీతీరమందు హాలే యను ప్రాచీనపట్టణము గలదు. సంగీతవేత్తలు దానిని హాండెలు మహాశయుని జన్మస్థానముగా నెఱుఁగుదురు. దర్శనశాస్త్రము చదివినవారు ఉల్ఫు పండితుని విద్యాపీఠముగా నెఱుఁగుదురు. తెలుఁగువారికి మాత్రము ఆ పట్టణము వేఱొక కారణముచే స్మరణీయము. 1746 వ సంవత్సరమున తెలుఁగక్షరములు సీసమునఁ బోయఁబడి, తెలుఁగుపుస్తకము అచ్చుపడినది హాలేలోనే. శ్రీరామపురమున కేరీ పండితుని తెలుఁగువ్యాకరణము 1814 లోను, చెన్నపట్టణమున క్యాంబెలుదొర వ్యాకరణము 1816 లోను వెలువడినవి. హాలే పుస్తకము వానికి రమారమి డెబ్బదియేండ్లు పూర్వపుది.

తెలుఁగు ముద్రణచరిత్రము వ్రాయువారు ఈ సంగతిని ఒక వాక్యమునఁ జెప్పి ముందునకు సాగుట పరిపాటి. కాని తెలుఁగు చదువఁగలవాఁడు ఒక్కఁడో యిద్దఱో తప్ప లేని యొక దూరదేశపుటూర ఆ పుస్తకము ఏల అచ్చుపడెనో విచారింపఁదగియున్నది. ఇది కేవలము యాదృచ్ఛికము కాదు. ఆ పట్టణపు వీథులను ఒక క్రమమునఁ ద్రొక్కి, నిలిచియున్న కట్టడములను వరుసగాఁ జూచినవానికి కారణము విశదమగును. చూడవలసిన స్థలములన్నియు పాతపట్టణములోను, దాని యంచునను ఉన్నవి. మార్గదర్శకుని సాయము లేకయే ఒక్కపూఁటలో కాలినడకను వానిని చుట్టిరావచ్చును.

విపణి

విపణిమధ్యమునుండి యాత్ర నారంభించుట మేలు. అచట నిలిచి తలయెత్తినవానికి ఐదు శిఖరములు ఒక్కచోఁ గానవచ్చును. హాలేకు ‘ఐదుశిఖరముల పట్టణ’మను ప్రసిద్ధి వానివలననే కలిగినది. అందు నాలుగు మేరీమాతదేవాలయమువి. ఐదవది దానితో నంటక వేఱుగ నిలిచిన ‘ఎఱ్ఱబురుజు’. ఈ బురుజు కట్టడము 1418 లో మొదలై 1506 లో ముగిసెను. ఎత్తు 84 మీటరులు. 1945 ఏప్రిలులో యుద్ధాగ్నికి దాని శిఖరము కాలిపోఁగా, ముప్పదియేండ్ల పిమ్మట మరలఁ గట్టిరి. నేఁడు అందు 76 గంటల వాద్యము గలదు.

దేవాలయమునకు నాలుగు శిఖరములు గలుగుటకు ఒక కథ గలదు. పూర్వము అచట రెండు దేవాలయములు ఎదురెదురుగ నుండెడివి. ఒకటి ఉప్పుపనివారిది, మఱియొకటి వర్తకులది. ఆర్చిబిషప్పు అల్బ్రెక్టు కార్డినలు ఆ రెంటి గర్భశాలలను పడఁగొట్టించి, శిఖరములను మాత్రము నిలిపి, నడుమ నొక విశాలమందిరమును 1529 లోఁ బ్రారంభించెను. లూథరు మతసంస్కరణమును అడ్డగించుటకు రోమను మతమునకు ఒక దుర్గమువంటి దేవాలయము కావలెనని ఆయన తలఁపు. మందిరము 1554 లోఁ గాని పూర్తికాలేదు. అంతకుముందే, 1541 లో, కార్డినలు పట్టణమును విడిచిపోయెను. ఆ సంవత్సరముననే లూథరు మిత్రుఁడగు యూస్టసు యోనాసు అందు సంస్కృతమతమును బోధించెను. ఎవరి నడ్డగించుటకుఁ గట్టిరో వారిచేతనే ఆ మందిరము చేరినది. 1546 ఫిబ్రవరిలో ఐస్లెబెనునందు మృతుఁడైన లూథరు దేహమును విట్టెన్‌బెర్గునకుఁ గొనిపోవుచు ఒకరాత్రి ఈ మందిరమున నుంచిరి. ఆయన మృతముఖముయొక్క మైనపు ప్రతిరూపము నేఁటికిని ఇందు గలదు.

1685 ఫిబ్రవరిలో హాండెలు ఈ మందిరముననే జ్ఞానస్నానము పొందెను. ఇచటి ఆర్గనువాద్యకాఁడు త్సఖౌ ఆతని గురువు. 1664 నాఁటి చిన్న ఆర్గను ఇంకను నిలిచియున్నది. 1746 లో ఈ వాద్యపీఠమునకు వచ్చినవాఁడు సుప్రసిద్ధుఁడగు బాఖు జ్యేష్ఠపుత్రుఁడు విల్హెల్ము ఫ్రీడెమాను. ఆ సంవత్సరముననే, అచటికి కొలఁదిదూరమున, తెలుఁగు అచ్చులు కూర్పఁబడెను. విపణిలోని హాండెలు విగ్రహము ఆయన మృతశతాబ్ది సంవత్సరమగు 1859 లో ప్రతిష్ఠితము.

ఉప్పుబావులు

దేవాలయము వెనుక మెట్లు దిగిన పల్లపునేలయే ‘హాల్‌మార్క్టు’. ఇది ఈ పట్టణమునకు మూలము. 806 వ సంవత్సరపు వృత్తాంతమున హాలే పేరు తొలుతఁ గానవచ్చును. ఈ పల్లమున నాలుగు ఉప్పునీటిబావు లుండెను. ఆ నీటిని తోడి, గుడిసెలలో పెనములమీఁదఁ గాఁచి, ఉప్పు తీసి దేశదేశములకుఁ బంపుచుండిరి. ఉప్పుపనివారు ‘హల్లోరు’లను సంఘముగ నేర్పడి, తమకుఁ బ్రత్యేకమగు వేషమును, ఆచారములను, హక్కులను గలిగియుండిరి. 1721 లో ప్రష్యారాజు నదీపాయ కావలియొడ్డున రాజకీయ లవణశాలను నెలకొల్పెను. అది 1964 లో మూఁతవడి, పిమ్మట లవణ ప్రదర్శనశాలగ మాఱినది.

ఉప్పువలన పట్టణమునకు ధనమును, ధనమువలన స్వాతంత్ర్యేచ్ఛయుఁ గలిగెను. కాని 1478 లో పౌరులు తమ ప్రభువగు ఆర్చిబిషప్పునకు లొంగవలసివచ్చెను. ఆ లొంగుబాటునకు గుఱుతు పల్లపునేలకు ఉత్తరముగఁ గొంతదూరము నడచినఁ గానవచ్చును.

కోట, గృహము, విద్యాపీఠము

త్రోవలో మొదట ‘డోము’ అను దేవాలయము. ఇది 1271 లో డొమినికను సన్న్యాసులచే నారంభింపఁబడినది. శిఖరము లేని ఈ కట్టడమునకు గుండ్రని కిరీటములవంటి తలకట్టులను కార్డినలు అల్బ్రెక్టు చేర్చెను. 1702 లో పదునేడేండ్ల హాండెలు ఇచట ఒక సంవత్సరము వాద్యకాఁడుగ నుండెను. ఆయన పుట్టినయిల్లు సమీపమున నికొలాయివీథిలో నున్నది. అది 1948 నుండి ప్రదర్శనశాల. దానిని చూచి ఉత్తరముగ సాగినచో మోరిట్సుబుర్గు కోట కానవచ్చును. లొంగిన పౌరులను అదుపున నుంచుటకై 1484 లో దీనికి పునాది వేసిరి. ముప్పదియేండ్ల యుద్ధకాలమున, 1637 లో, ఇది దగ్ధమై పెక్కుకాలము పాడువడియుండి, తరువాత చిత్రశాల యయ్యెను. 1929 మొదలు 1931 వఱకు ఫైనింగరు అను చిత్రకారుఁడు ఈ కోటద్వారపు బురుజులోఁ గూర్చుండి హాలేశిఖరములను పదునొకండు చిత్రములలో వ్రాసెను.

1680 లో పట్టణము బ్రాండెన్‌బుర్గు పాలనకు వచ్చెను. వెనువెంటనే మహామారి ప్రబలి, జనులలో సుమారు సగము నశించెను. అగ్నిప్రమాదములు తోడయ్యెను. ఇట్లు చితికిన పట్టణమును ఉద్ధరించుటకుఁ బ్రభువులు ఎంచుకొన్న సాధనము విద్య. 1694 లో ఫ్రెడరిక్కు ఎలెక్టరు ఇచట విశ్వవిద్యాలయమును స్థాపించెను. కోటకుఁ దూర్పున దాని చతుశ్శాలయు, 1834 లోఁ బూర్తియైన ‘సింహభవన’మును గలవు. లాటినును విడిచి దేశభాషయగు జర్మనులో నుపన్యసింపఁ జొచ్చిన క్రిస్టియను తొమాసియసు ఇచటి తొలి ఆచార్యులలో నొకఁడు. ఆఫ్రికాలోఁ బుట్టిన ఆమో యను పండితుఁడు ఇచట చదివి 1729 లో తన వాదగ్రంథమును సమర్పించెను. 1754 లో డొరొతేయా ఎర్క్‌స్లెబెను ఇచటనే వైద్యపట్టమును బడసి, జర్మనీలో ఆ పట్టమునొందిన తొలి స్త్రీ యయ్యెను.

అయిన ఈ విద్యాపీఠమున ఒక మచ్చ గలదు. 1721 లో క్రిస్టియను ఉల్ఫు చీనాదేశీయుల నీతిశాస్త్రమును గుఱించి యుపన్యసించి, కన్ఫ్యూషియసు బోధను మెచ్చుకొనెను. క్రైస్తవము లేకయు సన్నీతి సాధ్యమని ఆయన భావము. ఇచటి భక్తివాదులగు మతాచార్యులు దానిని సహింపలేదు. 1723 లో రాజు, నలువదియెనిమిది గంటలలో దేశము విడువనిచో ఉరితీయింతునని ఆజ్ఞ జారీచేసెను. ఉల్ఫు వెడలిపోయెను. 1740 లో క్రొత్తరాజు ఆయనను మరలఁ బిలిపించెను. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ఏలయన, ఉల్ఫును వెడలఁగొట్టించిన భక్తివాదుల వర్గమే తెలుఁగు పుస్తకమునకుఁ గారణమైనది.

అనాథశాల

విశ్వవిద్యాలయమునుండి పాతకోటగోడల జాడను బట్టి పోవు వలయవీథిలో నడచినచో పట్టణపు తూర్పున శ్మశానవాటిక వచ్చును. ఇది 1557 లో నారంభమై, చుట్టును తొంబదినాలుగు కమానులతో ఇటలీదేశపు రీతిని నిర్మింపఁబడినది. మేరీమాతదేవాలయమును ముగించిన నికెలు హోఫ్మాను దీనికి శిల్పి. తొమాసియసును, ఫ్రాంకెయు ఇందు నిద్రించుచున్నారు. వలయవీథి ఇచటినుండి ‘అనాథశాలావలయ’మను పేరు వహించి, దక్షిణమున ఫ్రాంకెచత్వరమునకుఁ జేర్చును. ఎదుట నున్నదే ఫ్రాంకె ధర్మసంస్థ.

ఆగస్టు హెర్మను ఫ్రాంకె 1663 లోఁ బుట్టి, 1692 లో కోటవెలుపలి గ్లౌఖా యను పేదపేటకు మతగురువుగను, విశ్వవిద్యాలయమునఁ బ్రాచ్యభాషాచార్యుఁడుగను వచ్చెను. 1695 లో భిక్షాపేటికలో నాలుగు టాలరులు, పదునాఱు గ్రోషెనులు పడఁగా, ఆ స్వల్పధనముతో పుస్తకములు కొని, ఒక విద్యార్థిని నియమించి, పేదపిల్లలకు చదువు చెప్పింపఁ దొడఁగెను. 1698 లో అనాథశాలకు శంకుస్థాపన జరిగెను. ముఖభవనపు తలకట్టున సూర్యునివైపు ఎగురు రెండు గ్రద్దలు చెక్కఁబడియున్నవి. వెనుక పొడవైన ముంగిలి; దాని ప్రక్కను కొయ్యచట్రములతోఁ గట్టిన ఆఱంతస్తుల దీర్ఘభవనము. 1727 లో ఫ్రాంకె మరణించునాఁటికి రెండువేలకు పైగా బాలబాలికలు ఇచట చదువుచుండిరి.

ఈ ధర్మము కేవలము విరాళములతో నడచినది కాదు. ప్రభువిచ్చిన హక్కుపత్రమువలన దీనికి సొంతముగ ఔషధశాలయు, పుస్తకశాలయు, ముద్రాయంత్రమును గలిగెను. 1710 లో కాన్‌స్టయిను జమీందారు బైబిలుముద్రణసంస్థను ఇచటఁ జేర్చెను. పుటలకుఁ గూర్చిన అచ్చులను విప్పక అట్లే నిలిపి, మరలమరల అచ్చువేయు పద్ధతిచే పేదవాఁడు సైతము కొనఁగల వెలకు పుస్తకములను వారు అమ్మిరి. బీదపిల్లల చదువు, మతప్రచారము, మందుల వర్తకము, అచ్చుపని, ఈ నాలుగు పాయలును ఒక్కముంగిలిలోఁ గలిసినవి. హాలేలోనే తెలుఁగు అచ్చగుటకు ఇది ప్రధానకారణము.

రెండవకారణము తరంగంబాడి. 1706 లో డెన్మార్కురాజు పంపఁగా జీగెన్‌బాల్గు, ప్లూట్‌షౌ అను నిరువురు మతబోధకులు తరంగంబాడి చేరిరి. వారు ఫ్రాంకె శిష్యవర్గమువారు. వారి లేఖలను ఫ్రాంకె 1710 నుండి ‘హాలేవార్తలు’గ అచ్చువేయించి, ఐరోపాలో విరాళములు సమకూర్చెను. హాలేలోఁ జెక్కించిన అరవ అచ్చులు సముద్రముమీఁద తరంగంబాడికిఁ బోయెను. జీగెన్‌బాల్గు వ్రాసిన అరవవ్యాకరణము 1716 లో హాలేలో ముద్రితమయ్యెను. ద్రావిడాక్షరములను పోఁతపోయు నేర్పు అచట అంతకుముందే పాదుకొనియున్న దన్నమాట.

తెలుఁగు పుస్తకములు

బెంజమిను షుల్జు 1689 లో జన్మించి, 1719 లో తరంగంబాడి చేరి, 1728 లో చెన్నపట్టణమున ఇంగ్లీషువారి ధర్మసంఘపు పోషణలో మతబోధశాలను స్థాపించెను. అచట అరవముతోపాటు తెలుఁగు విరివిగ వినవచ్చుటచే, ఆ భాష నేర్చి, 1728 లోనే లాటినుభాషలో ఒక తెలుఁగు వ్యాకరణమును రచించెను. 1732 నాఁటికి బైబిలును తెలుఁగు చేసెను. 1743 లో స్వదేశమునకు మరలి, 1760 లో మరణించువఱకు హాలేలోని ధర్మసంస్థయందే కాలముగడపెను. తరువాత తంజావూరున ప్రఖ్యాతుఁడైన ష్వార్ట్సు ఈయనయొద్దనే అరవము నేర్చినవాఁడు.

తెలుఁగును అచ్చునకు దించుట యనఁగా అరవమునకంటెఁ గష్టతరము. ఉక్కుకడ్డి కొనయందు అక్షరమును అద్దపుఁ బ్రతిబింబమువలెఁ జెక్కి, దానిని రాగిబిళ్లలో నద్ది, ఆ పల్లమున సీసమును బోసి అచ్చులు తీయుదురు. జర్మనుభాషకు ఒక్కవరుసలోఁ గూర్చు అచ్చులు చాలును. తెలుఁగునకు తలకట్టు, గుడి, కొమ్ము మీఁదను ప్రక్కను నిలుచును. ఒత్తు క్రిందికి దిగును. ‘స్త్రీ’ యను ఒక్కయక్షరమునకు జర్మను పనివాఁడు ఎన్ని అంతస్తులు కట్టవలెనో పండితులు ఊహింపవచ్చును. తాను చదువలేని లిపిని ఆ పనివాఁడు చెక్కెను. 1746 లో లఘుప్రశ్నోత్తరి వెలువడెను. 1747 లో మఱికొన్ని మతగ్రంథములు అచ్చయ్యెను. లాటిను ముఖపత్రములపై ‘తెలుఁగు’ అను పేరుతోఁ బాటు ‘వరుగ’ అను పేరును గలదు. ఇది తెలుఁగువారిని అరవవారు పిలుచు ‘వడుగ’ శబ్దమునకు వికారము. చెన్నపట్టణపు జనజీవనమును సంభాషణరూపమునఁ దెలుపుటకు షుల్జు మొదట తెలుఁగున వ్రాసిన గ్రంథమొకటి 1750 లో ఇంగ్లీషున హాలేలో వెలువడెను.

ఫలితవిచారము

ఇట్టి పూనికకు ఫలము ఎంత? నిష్పక్షపాతముగఁ జూచినచో స్వల్పమే. షుల్జు బైబిలు అచ్చునకు నోఁచుకొనలేదు. ఆయన వ్యాకరణము వ్రాఁతప్రతిగనే యుండి, రచింపఁబడిన 256 ఏండ్లకు, 1984 లో, హాలేలోనే ప్రకటితమయ్యెను. ఈలోఁగా కేరీయు, క్యాంబెలును, బ్రౌనుదొరయు వేఱుమార్గమున, దేశీయపండితుల సాయమున, పని మొదటినుండి చేయవలసివచ్చెను. హాలే అచ్చులనుండి తెలుఁగు ముద్రణపరంపర పుట్టలేదు. అది వేరుపాఱని మొలక.

కారణము స్పష్టము. ముద్రణమునకు ధనము, యంత్రము, నేర్పరి చాలవు; చదువరులును, తప్పులు దిద్దు పండితులును కావలెను. హాలేలో మొదటి మూఁడును సమృద్ధిగ నుండెను. కడపటి రెండును లేవు. మఱియు ఉద్దేశము వేఱు. ఉల్ఫు అన్యదేశీయుల బోధను నేర్చుకొనఁదగిన దానినిగాఁ జూచెను. భక్తివాదులు అన్యదేశీయుల భాషను తమ బోధకు వాహనముగాఁ జూచిరి. షుల్జు తెలుఁగు నేర్చెను గాని తెలుఁగుకవుల పేరు ఆ అచ్చుపని నడపలేదు. మతప్రయోజనము తీరనిచోట భాషాసేవయు నిలిచిపోయెను.

ఐనను ఆ శ్రమను తృణీకరించుట న్యాయము కాదు. షుల్జు కావ్యములు చదివి కాక, చెన్నపట్టణపు జనులతో మాటాడి తెలుఁగు నేర్చినవాఁడు. పదునెనిమిదవ శతాబ్దిపు వ్యవహారమును గుఱించి సాక్ష్యములు వెదకువారికి ఆయన వ్యాకరణమును, పుస్తకములును ఉపకరింపఁగలవు. అపభ్రంశములని కొట్టివేయఁదగిన రూపములే చరిత్రకారునకు విలువగలవి. వర్ణక్రమము, విభక్తులు, క్రియారూపములు, అచ్చుల ఆకృతి, వీనిని ఆనాఁటి తాళపత్రములతోడను శాసనములతోడను పోల్చి చూచినచో భాషాచరిత్రమునకు లాభము గలుగును.

హాలేకుఁ బోవువాఁడు కడపట ఫ్రాంకెధర్మసంస్థలోని రెండు గదులను తప్పక చూడవలెను. ఒకటి అనాథశాల పైయంతస్తున నున్న అద్భుతవస్తుశాల. 1741 లో గ్రూండ్లరు చిత్రించిన బీరువాలలో సుమారు మూఁడువేల వస్తువులు నాఁటి క్రమముననే యున్నవి. అందు దక్షిణహిందూదేశమునుండి పోయినవియుఁ గలవు. రెండవది 1728 నాఁటి గ్రంథాలయము. దాని బీరువాలు నాటకరంగపు ప్రక్కతెఱలవలె వరుసలు దీరియున్నవి. 1946 లో ధర్మసంస్థ రద్దై, భవనములు శిథిలమై, 1970 ప్రాంతమున ఎత్తైన రహదారి వంతెన ముఖభవనపు ముంగిటికే వచ్చినను, 1991 తరువాత సంస్థ పునరుద్ధరింపఁబడి, కట్టడములు బాగుచేయఁబడినవి. చెన్నపట్టణపు మతబోధకుల లేఖలు ఇచటి పత్రభాండారమున భద్రముగ నున్నవి.

ఉప్పు పట్టణమును పుట్టించెను, మహామారి దానిని చితికించెను, విద్య లేవనెత్తెను, బీదపిల్లలకై వెలసిన ముద్రాశాల సముద్రాంతరమందలి భాషకును అచ్చులు పోసెను. ఈ వరుసలో ఏ మెట్టు లేకున్నను 1746 నాఁటి తెలుఁగు పుస్తకము లేదు. ఆ పుస్తకము తెలుఁగు ముద్రణకు ఆరంభమని చెప్పుట చాలదు. ఎందువలన అది ఆరంభముగనే నిలిచిపోయెనో కూడఁ జెప్పినప్పుడే ఆ చరిత్రము సమగ్రమగును.